పట్టిపోయిన ఇంజను – తిరిగి నడచిన పడవ

పడవకును గ్రంథాలయమునకును మన నాట పాత చుట్టరికము కలదు. 1935లో పాతూరి నాగభూషణము గారు పుస్తకములను పడవ కెక్కించి, కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ వెంట ఊరూర పంచిపెట్టిన సంగతి గ్రంథాలయోద్యమ చరిత్ర నెరిగిన వారికి తెలిసినదే. ఆ కాలమున డెల్టా గ్రామములకు కాలువయే రాచబాట. 1847లో ఆరంభమై 1852లో ముగిసిన ధవళేశ్వరము ఆనకట్ట పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు త్రోవయు నిచ్చినది. ఆర్థరు కాటను దొర కాలువలు సేద్యమునకును ప్రయాణమునకును గూడ ఉపకరింపవలెనని పట్టుబట్టినవాడు. ధాన్యపు బస్తాలు, కొబ్బరికాయలు, పెండ్లివారు, పుస్తకములు అన్నియు ఆ నీటి మీదనే సాగెను. తొలుత మనుష్యులు గట్టున నడచుచు త్రాడుతో పడవలను లాగిరి. గాలి కలిసివచ్చినపుడు తెరచాప లెత్తిరి. పిమ్మట నదిపై ఆవిరి లాంచీలు, ఆ పిమ్మట మోటారు లాంచీలు తిరిగినవి. రోడ్లును వంతెనలును ఏర్పడిన కొలది లాంచీలు పెక్కు రేవులలో కట్టుగొయ్యలకే అంకితమైనవి.

కట్టివేసిన పడవ ఊరక యున్నట్లు కనబడును గాని దాని కడుపులోని ఇంజను ఊరక యుండదు. అది నానాటికి తుప్పు పట్టుచుండును. ఒకటి రెండు సంవత్సరములు గడచిన పిదప ఎవరో వచ్చి హ్యాండిలు వేసి త్రిప్పబోవుదురు. చక్రము కదలదు. ఇద్దరు పట్టినను కదలదు. "ఇంజను పట్టేసింది" అని చూచినవారు తేల్చివేయుదురు. అంతటితో ఆ యంత్రము పాత ఇనుము క్రింద తూకమునకు పోవును. పట్టిపోయినది చచ్చినదానితో సమానము కాదనియు, దానిని బ్రదికించు మార్గము కలదనియు తెలుపుటయే ఈ వ్యాసము ఉద్దేశము. ఇందులకు రెండు నావల చరిత్రలు సాక్ష్యము పలుకుచున్నవి. ఒకటి ఇంగ్లండులో 67 ఏండ్లు సరస్సు అడుగున పడియున్న చిన్న లాంచి. రెండవది యుద్ధకాలమున ఆఫ్రికాలో తనవారి చేతనే ముంచబడిన పెద్ద ఓడ.

పడవలోనికి యంత్రము వచ్చిన తీరు ముందుగ చూతము. మొదట వచ్చినది ఆవిరి యంత్రము. దానికి బాయిలరు కావలెను, బొగ్గు కావలెను, నిప్పు కనిపెట్టియుండు మనిషి కావలెను. చిన్న పడవకు అది మోయరాని బరువు. 1876లో జర్మనీ దేశీయుడు నికొలస్ ఆటో, సిలిండరులోపలనే ఇంధనమును మండించి నడపు నాలుగు స్ట్రోకుల ఇంజనును సిద్ధము చేసెను. దానిని తేలికగను వేగవంతముగను చేసినవారు గాట్లీబ్ డైమ్లరు, విల్‌హెల్మ్ మైబాక్ అను ఇరువురు. వారు 1886లో తమ పెట్రోలు ఇంజనును ఒక చిన్న పడవలో నమర్చి నెకార్ నదిలో నడపిరి. పెట్రోలు ప్రేలునేమోయని జనులు జంకుచుండుటచే, పడవ చుట్టును తీగలు కట్టి అది విద్యుత్తుతో నడచుచున్నదని నమ్మించిరని ఒక ముచ్చట చెప్పుదురు. రుడాల్ఫ్ డీజిల్ తన పేరు గల ఇంజనును 1897లో జయప్రదముగ నడపి చూపెను. 1903 నాటికే ఫ్రాన్సులో ఒక కాలువ పడవయు, రష్యాలో నూనె మోయు నావయు డీజిలు ఇంజనులతో నడచినవి. మన లాంచీలలోని ఇంజనులును, పొలముల గట్లపై నీరు తోడిన ఆయిలింజనులును ఈ వంశమునకు చెందినవే. కావున పడవ ఇంజనును గూర్చి చెప్పునదెల్ల ఇంచుమించు ఆయిలింజనుకును వర్తించును.

ఇంజనుకు గుండె సిలిండరు. అందులో పిస్టను క్రిందికి మీదికి ఆడుచుండును. పిస్టను చుట్టు నుండు రింగులు సిలిండరు గోడను ఒరసికొనుచు, పైనున్న మంటను క్రిందికి పోనీయక, క్రిందనున్న నూనెను పైకి రానీయక కావలి కాయును. పిస్టనుకును గోడకును నడుమ నుండు సందు ఇంచుమించు తలవెండ్రుక మందము. ఆ సందులో నూనెపొర యుండవలెను. పొర యున్నంత కాలము లోహము లోహమును తాకదు. పొర తొలగినచో ఇంజను పట్టును.

ఇట్లు పట్టుట రెండు విధములు. మొదటిది నడచుచుండగ పట్టుట. పడవ ఇంజను సాధారణముగ తాను తేలు నీటినే పీల్చుకొని చల్లబడును. నీరు పీల్చు గొట్టమునకు నాచు గాని, ఒండ్రు గాని అడ్డుపడినచో ఇంజను కాగిపోవును. పిస్టను ఉబ్బును, నూనె పలుచనై కాలిపోవును, లోహము లోహమును గీరి అతుకుకొనును. ఇది కఠినమైన జబ్బు. రెండవది ఊరక యుండగ పట్టుట. పొగగొట్టము వెంట వాననీరు దిగుటయో, హెడ్డు క్రింది ప్యాకింగు చెడి నీరు లోనికి కారుటయో, రాత్రి చలికి లోపలి గాలిలోని తేమ చెమర్చుటయో దీనికి కారణము. ఇనుము, నీరు, గాలి మూడును కూడిన చోట తుప్పు పుట్టును. తుప్పు తాను పుట్టిన ఇనుము కంటె రెట్టింపునకు పైగా చోటు ఆక్రమించును. తలవెండ్రుక సందులో అది మేకు దిగగొట్టినట్లు బిగియును. రేవులో కట్టిన పాత పడవలకు వచ్చునది తరచు ఈ రెండవ జబ్బే. దీనికి మందు కలదు.

ఇచ్చట ఒక విశేషము గమనింపవలెను. తుప్పునకు నీరొక్కటియే చాలదు; గాలియు కావలెను. కావున లోతైన చల్లని మంచినీటి అడుగున పూర్తిగ మునిగిన యంత్రము కంటె, గట్టున సగము తడియుచు సగము ఆరుచు నుండు యంత్రమే త్వరగ చెడును. ఉప్పునీటిలో మాత్రము తుప్పు వేగము హెచ్చు. సముద్రపు పోటు తగులు రేవులవారు ఈ సంగతి మరువరాదు. మొదటి నావ చరిత్రలో ఈ విశేషమే ప్రత్యక్షమగుచున్నది.

ఇంగ్లండు వాయవ్య భాగమున కొండల నడుమ విండర్మియర్, అల్స్‌వాటర్ మొదలగు సరస్సులు కలవు. 1850 ప్రాంతమున అచ్చట డాలీ యను ఆవిరి లాంచిని కట్టిరి. కొయ్య పడవ, ఒకే సిలిండరు గల చిన్న యంత్రము. 1895లో శీతకాలము మిక్కిలి క్రూరముగ నుండి సరస్సులు గడ్డకట్టెను. అల్స్‌వాటర్‌లో నున్న డాలీ ఆ మంచు తాకిడికి మునిగిపోయినది. కాలక్రమమున దాని మాటయే మరుగునబడెను. 1960 తరువాతి తొలి యేండ్లలో, సరస్సు లోతులలో ఈది చూచు ఔత్సాహికులు దానిని అడుగున కనుగొనిరి. 1962లో దానిని పైకి లేవదీసిరి. మూడేండ్ల ఓపిక మీద దానిని బాగుచేసి 1965లో మరల ఆవిరి పుట్టించిరి. నడచినది క్రొత్త ఇంజను కాదు. 67 ఏండ్లు నీట నున్న ఆ ఇంజనే. ఆ పాత బాయిలరు సైతము మరి పదేండ్లు పనిచేసినది. యంత్రముతో నడచు పడవలలో నేటికిని నిలిచియున్న మిక్కిలి ప్రాచీనమైన వానిలో డాలీ ఒకటి.

డాలీని ఎవరును ముందుగ భద్రపరచలేదు. చల్లని మంచినీరే దానికి పెట్టె యైనది. రెండవ చరిత్ర ఇట్లు కాదు. అందు కాపాడినది మనుష్యుల చేయి.

ఆఫ్రికా ఖండపు నడుమ టాంగన్యీకా సరస్సు కలదు. మొదటి ప్రపంచయుద్ధమునకు పూర్వము దాని తూర్పు తీరము జర్మనుల యేలుబడిలో నుండెను. ఆ సరస్సులో నడపుటకై 1913లో జర్మనీలోని పాపెన్‌బుర్గ్ నగరమున సుమారు 70 మీటర్ల పొడవు గల ఓడ నొకదానిని కట్టిరి. దానికి గ్రాఫ్ ఫాన్ గోట్జెన్ అని పేరిడిరి. సముద్రమునకును సరస్సునకును నీటిదారి లేదు. కావున కట్టిన ఓడను మరల ఊడదీసి 5,000 పెట్టెలలో సర్ది సముద్రము మీదుగ దారుస్సలామునకును, అచ్చటినుండి రైలు మీద సరస్సు తీరమందలి కిగోమాకును పంపిరి. ఓడ కట్టిన కర్మాగారమునుండి ముగ్గురు పనివారు వెంట వెళ్లి, అచ్చట దానిని తిరిగి కూర్చిరి. 1915లో అది నీట దిగునప్పటికి యుద్ధము ఆరంభమై యుండెను. ప్రయాణికులకని కట్టిన ఓడ ఫిరంగులు మోసినది.

ఆ సరస్సు మీదనే మోటారు పడవల శక్తియు లోకమునకు తెలిసినది. బ్రిటిషువారు మిమి, తూతూ అను రెండు పెట్రోలు మోటారు పడవలను ఇంగ్లండునుండి కేప్‌టౌనునకు ఓడపై తెచ్చి, అచ్చటినుండి రైలు మీదను, రైలు లేని అడవులలో ఎద్దుల చేతను ఆవిరి బండ్ల చేతను లాగించి, కొండలు దాటించి 1915 చివరకు సరస్సు చేర్చిరి. ఒక్కొక్కటి 40 అడుగుల పొడవైన ఆ పడవలు రెండు నెలలలోపల జర్మనుల నావ నొకదానిని పట్టుకొని, మరియొకదానిని ముంచుటలో ముఖ్యముగ పనిచేసినవి.

1916లో బెల్జియము, బ్రిటిషు సేనలు నేలమీదుగ ముట్టడించుటచే కిగోమా జర్మనుల చేజారు స్థితికి వచ్చెను. ఓడను శత్రువులకు విడువరాదని వారు దానిని ముంచివేయ నిశ్చయించిరి. ముంచువాడు సాధారణముగ ఇంజనును పగులగొట్టి ముంచును. ఆ ఓడను కూర్చిన పనివారు అట్లు చేయలేదు. ఇంజనులకు దట్టముగ గ్రీజు పట్టించిరి. పిమ్మట ఓడలో ఇసుక నింపి, 1916 జులై 26న మలగరాసి నది సరస్సులో కలియు చోటికి దాపున, మరీ లోతు కాని చోట, మెల్లగ ముంచిరి. తమవారే తిరిగి వచ్చి దానిని లేవదీయుదురని వారి యాశ. ఆ యాశ నెరవేరలేదు. జర్మనులు ఆ దేశమును పోగొట్టుకొనిరి. కాని గ్రీజు ఎవరి పక్షమును వహించునది కాదు. అది ఇనుమును కాపాడుచు నీటి అడుగున కాచుకొనియుండెను.

బెల్జియమువారు ఓడను ఒకమారు పైకి తెచ్చిరి గాని అది మరల మునిగెను. తుదకు 1924 మార్చి 16న బ్రిటిషువారు దానిని లేవదీసిరి. ఇంజనులను పరీక్షింపగ అవియు బాయిలరులును ఇంకను పనికివచ్చు స్థితిలోనే యుండెను. 1927 మే 16న ఓడ లియెంబా అను క్రొత్త పేరుతో మరల నడచినది. లియెంబా యనునది ఆ సరస్సునకు స్థానికులు వాడిన పేరు. నీట మునిగిన ఆ ఆవిరి యంత్రములతోనే అది దశాబ్దముల తరబడి నడచినది. 1970 తరువాతి దశకమున గాని వానిని తీసి డీజిలు ఇంజనులను పెట్టలేదు. 1997లో కాంగో దేశపు శరణార్థులను 75,000 మందికి పైగా ఈ ఓడ తమ దేశమునకు చేర్చినది. 2015లో బురుండీనుండి పారిపోయి వచ్చిన వారిని సురక్షిత స్థలమునకు మోసినదియు ఇదే. 1916లో గ్రీజు పూసిన పనివారు ఈ ప్రజల నెరుగరు. ఓడిపోయి వెడలిపోవునపుడు గూడ పని చెడగొట్టక, యంత్రమును యంత్రముగ గౌరవించిన వారి గుణము ఎనుబది యేండ్లకు పైగా గడచిన పిదప ఇంకొక జాతికి తెప్ప యైనది.

ఇంతటి ఉదాహరణము లుండగ, రేవులో రెండేండ్లు కదలని లాంచి ఇంజనును తూకమునకు వేయుట తొందరపాటే యగును. బ్రదికించు విధానము నెరిగిన పనివారు పాటించు క్రమము నిచ్చట సంగ్రహముగ తెలుపుచున్నాను.

మొట్టమొదటి నియమము, బలవంతముగ త్రిప్పకుండుట. తుప్పు పట్టిన రింగును ఉన్నపళముగ లాగినచో రింగు విరుగును, లేదా గోడ గీరుకొనిపోవును. బ్యాటరీతో స్టార్టరును నొక్కుట మరింత కీడు. ముందు క్రింది నట్టు వదలించి ఇంజను నూనెను చూడవలెను. అది పాలవలె తెల్లబడి యున్నచో నీరు కలిసినదని గుర్తు. ఆ నూనెను తీసివేయవలెను. తరువాత పెట్రోలు ఇంజనైన ప్లగ్గులను, డీజిలు ఇంజనైన నాజిళ్లను విప్పి, ఆ రంధ్రముల గుండ డీజిలును ఇంజను నూనెను కలిపి ప్రతి సిలిండరులోను పోయవలెను. కొందరు కిరసనాయిలు కలుపుదురు. ఇది తుప్పు సందులలోనికి ఇంకుటకు ఒకటి రెండు దినములు చాలకపోవచ్చును. వారము పట్టవచ్చును, అంతకు మించియు పట్టవచ్చును. ఇంకిన కొలది మరల పోయుచుండవలెను. పడవ అడుగున ఆవిరులు నిలిచి అంటుకొను ప్రమాదము గలదు గనుక ఆ సమయమున బీడి, దీపము దరికి రానీయరాదు.

నానిన పిదప పెద్ద చక్రమును చేతితో గాని, పొడవైన మీటతో గాని, కొంచెము ముందుకు, కొంచెము వెనుకకు కదల్పవలెను. గోరంత కదలినను గెలుపే. ముందుకు పట్టిన చోట ఆగి, వెనుకకు త్రిప్పి, మరల నూనె పోసి, మరునాడు ప్రయత్నింపవలెను. అప్పటికిని కదలనిచో హెడ్డు విప్పి, పిస్టను మీద చదునైన కొయ్యముక్క నుంచి మెల్లగ తట్టవలెను. ఇనుముతో ఇనుమును కొట్టరాదు. వాల్వులు బిగిసినవేమో అదే సమయమున చూడవలెను. బిగిసిన వాల్వుతో ఇంజనును త్రిప్పినచో కడ్డీలు వంగిపోవును.

చక్రము విడిన దినమున చాలమంది చేయు తప్పు, వెంటనే ఇంజనును నడపబోవుట. సిలిండరులో పోసిన నూనె మిగిలియుండగ నాజిళ్లు బిగించి త్రిప్పినచో, ద్రవము అణగదు గనుక లోపలి కడ్డీయే వంగిపోవును. కావున రంధ్రములు తెరచియుండగనే చేతితో పలుమార్లు త్రిప్పి నూనె నంతయు బయటికి పోనీయవలెను. పిమ్మట క్రొత్త నూనె పోయవలెను. నీరు పీల్చు పంపులోని రబ్బరు చక్రము ఎండి పగిలియుండును, దానిని మార్చవలెను. నూనెతొట్టిలోని పాత డీజిలును, అడుగున చేరిన నీటిని తీసి కడుగవలెను. డీజిలు గొట్టములలో చిక్కిన గాలిని వదలగొట్టవలెను. చేతితో రెండు పూర్తి చుట్లు అడ్డు లేక తిరిగిన తరువాతనే నడపవలెను. నడచిన వెంటనే మూడు చూడవలెను: నూనె ఒత్తిడి యున్నదా, చల్లబరచు నీరు బయటికి వచ్చుచున్నదా, వినరాని చప్పుడేమైన వినబడుచున్నదా. కొద్ది నిమిషములు నడపి, ఆపి, నూనెను మరల మార్చినచో లోపల మిగిలిన నీరును తుప్పుపొడియు దానితో పోవును.

మునిగిన పడవను లేవదీసినపుడు మరియొక నియమము కలదు. నీటిలోనుండి గాలిలోనికి వచ్చిన గడియనుండియే ఇంజనుకు అసలు ప్రమాదము మొదలగును. అప్పుడు నీరును గాలియు రెండును దానికి దొరకును. కావున పని చేయుటకు మనిషియు సామానును సిద్ధమైన పిమ్మటనే ఇంజనును నీటినుండి తీయవలెను. తీసిన నాడే లోపలి నీరు పోగొట్టి నూనె పట్టించవలెను. రేపు చూతమని గట్టున పెట్టినచో, నీరు చేయని కీడు ఆ ఒక్క రాత్రి చేయగలదు.

ప్రతి యింజనును బ్రదుకునని చెప్పజాలము. సిలిండరు దిమ్మ పగిలిన దానిని, ఉప్పునీరు తినివేసి గోడలు గుంటలు పడిన దానిని బాగుచేయు ఖర్చు క్రొత్తదాని వెలను మించవచ్చును. కాని ఆ తీర్పు విప్పి చూచిన పిదప చెప్పవలసినది. హ్యాండిలు కదలలేదని గట్టుమీద నిలిచి చెప్పదగినది కాదు. నడపని ఇంజనుకు సైతము చేయవలసిన సేవ స్వల్పమే. పొగగొట్టమునకు మూత పెట్టుట, లోపలి నీరు తీసివేయుట, సిలిండరులో కొంచెము నూనె పోయుట, వారమునకొకమారు చేతితో చక్రము త్రిప్పుట. ఇంతమాత్రము చేసినచో పట్టుట యన్నదే యుండదు.

ఈ మాటలు గ్రంథాలయ సంచికలో నేలయని ఎవరైన నడుగవచ్చును. మన పెద్దలు తాటియాకు గ్రంథములకు ఏటేట నూనె పూసి, బట్టలో చుట్టి, అటకలపై దాచిరి. ఆకు ఎండి పెళుసు కాకుండుటకును, పురుగు తినకుండుటకును ఆ నూనె కావలెను. అట్లు పూసినవారిలో చదువ నేర్చినవారు కొందరే. చదువ నేరక, తాత దాచినదని మాత్రమే యెరిగి పూసినవారు పెక్కుమంది. వారి చేతి చలువ వలన మనకు దక్కిన గ్రంథములు దక్కినవి. నూనె మాని దాచిన కట్టలు అటకమీదనే పొడియైనవి.

ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము ఊరి యందరిదియు నగు పడవ. బీరువా తాళము తుప్పు పట్టకుండుటకు దానిని రోజు తెరచుటయే మందు. పుస్తకమునకు చెద పట్టకుండుటకు దానిని చదువరి చేతి కిచ్చుటయే మందు. అందరిదియు నైన దానికి నూనె పోయు వంతు నాది కాదని ఎవరికివారు తలచిన యూళ్లలో రేవున లాంచియు, సత్రమున నూయియు, చావడిలో పుస్తకమును ఒక్క విధముగనే పట్టిపోవును. ఇంతకాలము ఆ వంతు తమదే యనుకొని నడపిన వారికి మన నమస్కారము. ఇకమీద ఈ చక్రమును వారమున కొకమారైన చేతితో త్రిప్పవలసినవారము మనము.